ముందు సీటు



వేసవి సెలవులు వచ్చాయి. దుఃఖంలో ఉన్నవారికి పని రోజుల కంటే సెలవు రోజులే బరువు. పొలం పని ఉన్నంతసేపు పొద్దు గడిచిపోతుంది. ఇంటి నిండా చుట్టాలు నవ్వుతూ తిరిగేటప్పుడు లేని మనిషి లోటు ఎక్కువగా తెలుస్తుంది. అందుకే ఈ వారం మా విశాఖ ప్రయాణం గురించి రాస్తున్నాను.

మేము నలుగురం హైస్కూల్లో కలిసి చదువుకున్నాం. ఒకాయన కిరాణా కొట్టు నడుపుతాడు, ఒకాయన బడిలో మాస్టారు, ఒకాయన రైతు. ఆ రైతు భార్య సంక్రాంతి దాటాక ప్రభువునందు నిద్రించింది. అప్పటినుండి ఆయన ఊరు దాటలేదు. కొట్టు స్నేహితుడు తెల్లవారుజామున కారు తెచ్చి, "ఒరేయ్, చొక్కా వేసుకో, సముద్రం చూసొద్దాం" అని చెయ్యి పట్టుకుని ముందు సీటులో కూర్చోబెట్టాడు.

ముందుగా ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ ముగించి, మరుసటి ఏడు నుంచి ఒడ్డునే ప్రదర్శనశాలగా నిలిచింది. ఆ ఇరుకు దారిలో ఒకరి వెనుక ఒకరం నడిచాం. తర్వాత బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ దాటి తొట్లకొండ ఎక్కాం. 1976లో నౌకాదళం సర్వే చేసేటప్పుడు అక్కడి బౌద్ధారామం బయటపడిందని మాస్టారు చెప్పాడు. వాన నీళ్లు దాచుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లనుబట్టే కొండకు ఆ పేరు. పైనుంచి చూస్తే సముద్రమంతా కనబడింది. మా రైతు మాత్రం ఏమీ మాట్లాడలేదు.

కొండ దిగి భీమిలి వైపు వెళ్తుండగా నోరు విప్పాడు. "దానికి సముద్రం చూపిస్తానని ప్రతి ఏడూ అన్నానురా. కోతలయ్యాక అన్నాను. పిల్ల పెళ్లయ్యాక అన్నాను."

ఎవరం జవాబివ్వలేదు. కొట్టు స్నేహితుడు బండి వేగం తగ్గించాడు. నా నాలుక చివరికి ఒక వాక్యం వచ్చింది, దాన్ని అక్కడే ఉంచుకున్నాను. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా పలుకకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మేలు అదే. నోరు తెరిచాకే అతనికి భారమయ్యారు. కారులో ఇంకో మేలు కూడా ఉంది. అందరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది గనుక ఏడ్చేవాని ముఖంలోకి ఎవరూ చూడరు. ఎర్రమట్టి దిబ్బలు వచ్చేవరకు ఆయన ఆమె గురించే చెప్పాడు. ఆమె చేసే చేపల పులుసు గురించి, కోపం వస్తే గిన్నెలు గట్టిగా పెట్టడం గురించి. ఒకచోట నవ్వాడు కూడా.

భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోటు చూసి, పాత డచ్చివారి సమాధుల దగ్గరకు వెళ్లాం. వ్యాపారం కోసం వచ్చి, సొంత దేశం మళ్లీ చూడకుండా ఇక్కడే మట్టిలో కలిసినవారు. వందల ఏళ్లు గడిచినా రాళ్ల మీద అక్షరాలు ఇంకా చేతికి తగులుతున్నాయి. మా స్నేహితుడు ఒక రాయి మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. "దాని సమాధికి ఇంకా రాయి వేయించలేదు. పేరు చెక్కించాలి" అన్నాడు. తిరుగు దారిలో నలుగురం ఆ రాయి గురించే మాట్లాడుకున్నాం. ఎక్కడ కొనాలి, ఏమని రాయించాలి అని.

ప్రియులారా, పునరుత్థాన నిరీక్షణ మనకుంది. అయినా లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీళ్లు విడిచాడు. ఓదార్చడానికి మంచి మాటలు దొరకలేదని ఆగిపోకండి. ఈ సెలవుల్లో మీరు ఎక్కడికి వెళ్లినా, మీ వీధిలో ఈ ఏడు ఒంటరైనవారు ఎవరో ముందు ఆలోచించండి. వారిని అడిగితే రామంటారు. అడగడం మానేసి, చొక్కా వేసుకోమనండి.