నలుగురు కలిసి జాతరకు వెళ్తే

వరంగల్లు వాళ్లకు సముద్రం దగ్గర లేదు. అలలు చూడాలంటే బాపట్లకో, బందరుకో, విశాఖపట్నానికో రైలెక్కాలి. అందుకని మా ప్రాంతపు కుర్రవాళ్లకు దీవి అంటే లక్నవరం, ఇసుక ఒడ్డు అంటే మేడారంలో జంపన్నవాగు. నలుగురు స్నేహితులు కలిసి ఒక కారు మాట్లాడుకుంటారు. పొద్దున్నే హన్మకొండలో ఇడ్లీ తిని బయలుదేరతారు. ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొడతారు. చల్వాయి దగ్గర మలుపు తిరిగి లక్నవరం చెరువు చూసుకొని, మళ్లీ పెద్ద రోడ్డెక్కి, పస్రా మీదుగా అడవి దారిన అమ్మవార్ల గద్దెలకు చేరతారు. మొత్తం నూరు కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ. ఇంత దగ్గరలో చెరువు, దీవులు, అడవి, వాగు, జాతర అన్నీ ఒకే దారిలో దొరకడం మా అదృష్టం.

ఉద్యోగరీత్యా ఈ దారిన నేను చాలాసార్లు వెళ్లాను. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకొకసారి మాఘమాసంలో, పౌర్ణమి రోజుల్లో, బుధవారం నుంచి శనివారం దాకా జరుగుతుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. నడుమ ఏడాది వచ్చేది చిన్న జాతర. పెద్ద జాతరకు లక్షల జనం వస్తారు. మావంటి డాక్టర్లను అక్కడి వైద్య శిబిరాలకు వేస్తారు. ఆ శిబిరాల్లో కూర్చున్న రాత్రుల్లో గమనించిన సంగతి ఒకటుంది. కుటుంబంతో వచ్చిన రోగి వేరు, స్నేహితులతో వచ్చిన రోగి వేరు. మొదటివాడి వెంట భార్యో తల్లో ఉంటుంది. "షుగరున్నది డాక్టరుగారూ, పొద్దున సూది వేసుకున్నడు, మధ్యాహ్నం అన్నం తినలే" అని ఒక్క గుక్కలో చెప్పేస్తుంది. సగం వైద్యం అక్కడే అయిపోతుంది. రెండోవాడి వెంట పదిమంది ఉంటారు. ఒక్కరికీ ఏమీ తెలియదు.

గురువారం సాయంత్రం చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకువస్తారు. పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలకడం ఆనవాయితీ. డోలు చప్పుళ్లు, శివసత్తుల పూనకాలు. ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక జాతరలో సరిగ్గా ఆ సమయానికి నలభై దాటిన మనిషిని నలుగురు మోసుకొచ్చారు. "సార్, మావోడు జెర ఎక్కువ తాగిండు. గంటసంది పండుకోబెట్టినం. లేస్తలేడు" అన్నారు. మాఘమాసపు చలిలో అతని చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఒళ్లు చల్లగా ఉంది, చేతులు సన్నగా వణుకుతున్నాయి. వేలి కొసన చుక్క రక్తం తీసి చూస్తే చక్కెర 32 ఉంది. 70 కంటె తగ్గితేనే ప్రమాదం. నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషాలకు కళ్లు తెరిచి, "అమ్మ గద్దెకెక్కిందా?" అని అడిగాడు. అతను తాగింది ఒక్క గ్లాసే. పన్నెండేళ్లుగా కలిసి తిరుగుతున్న ఆ నలుగురిలో ఒక్కరికీ అతను ఇన్సులిను వేసుకుంటాడని తెలియదు. చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడట.

మధుమేహం ఉన్నవాళ్లు ఈ సంగతి శ్రద్ధగా చదవాలి. పొద్దున మందు వేసుకుంటారు. దారిలో బండ్లు ఆగిపోయి భోజనం ఆలస్యమవుతుంది. దిగాక ఇసుకలో మైళ్లకొద్దీ నడక. పైన స్నేహితుల బలవంతం మీద కడుపులో ఏమీ లేకుండా గ్లాసెడు మద్యం. మామూలుగా రక్తంలో చక్కెర తగ్గినప్పుడు కాలేయం తన నిలవలోంచి కొంత విడుదల చేస్తుంది. మద్యం ఆ పనికి అడ్డుపడుతుంది. అప్పుడు చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు, తూలుడు, చివరకు స్పృహ తప్పడం. చూసేవాళ్లకు అచ్చం తాగినవాడిలాగే కనిపిస్తాడు. పక్కవాళ్లు నవ్వుకొని దుప్పటి కప్పి పోతారు. తెల్లవారేదాకా అలాగే వదిలేస్తే మెదడు దెబ్బతినవచ్చు, ప్రాణమూ పోవచ్చు.

విచిత్రమేమంటే దీనికి మందు జాతర నిండా ఉంటుంది. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారు. మనిషి ఎత్తు బెల్లం తూచి మొక్కు చెల్లిస్తారు. స్పృహలో ఉండి మింగగలిగితే పిడికెడు బంగారం చిదిపి నీళ్లలో కలిపి తాగించండి. మూడు చెంచాల చక్కెర అయినా సరే. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నం పెట్టించి శిబిరానికి తీసుకురండి; మందు ప్రభావం ఉన్నంతసేపు చక్కెర మళ్లీ పడిపోవచ్చు. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. ఆ జనంలో ఫోను కలవకపోతే ఎత్తుకొని శిబిరానికి పరుగెత్తాలి.

బయలుదేరే ముందు ప్రతివాడూ తన జబ్బు, వాడే మందులు, ఇంటి ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోవాలి. నలుగురిలో ఒక్కరైనా ఆ రోజు తాగకూడదు. ఈ రెండో మాటకు నా మీద చాలామందికి కోపం వస్తుందని తెలుసు. కానీ మిగతా ముగ్గురినీ ఎవరో ఒకరు చూసుకోవాలి కదా!

ఇక లక్నవరం. ఇది 13వ శతాబ్దంలో కాకతీయులు కట్టించిన చెరువు. గుట్టల నడుమ ఉన్న మూడు ఇరుకు లోయలకు చిన్న చిన్న కట్టలు వేసి నీటిని నిలిపారు. మిగతా పని గుట్టలే చేస్తున్నాయి. ఇంజనీర్లు ఇప్పటికీ మెచ్చుకునే పనితనం అది. చెరువులో కనిపించే దీవులు నిజానికి మునిగిన గుట్టల కొనలు. పర్యాటక శాఖవారు వేలాడే వంతెన వేశారు, దీవి మీద కాటేజీలు కట్టారు, పడవలు నడుపుతున్నారు. వానాకాలం వెళ్లాక నీరు నిండుగా ఉన్నప్పుడు వంతెన మీద నిలబడి చూస్తే, ఇంతసేపు కారులో వచ్చిన బడలిక మరిచిపోతాం.

అయితే దీవి గుట్ట కొన అన్న సంగతి ఈతకు దిగేవాళ్లు గుర్తుంచుకోవాలి. సముద్రపు ఒడ్డు చాలాచోట్ల మెల్లమెల్లగా లోతవుతుంది. ఇక్కడ రెండడుగులు వేసేదాకా మోకాలి లోతు, మూడో అడుగుకు లోయ. అడుగున బురద, రాళ్లు, చెట్ల మోళ్లు. మా జిల్లా పిల్లలు చాలామంది ఈత నేర్చుకునేది వ్యవసాయ బావుల్లో. బావిలో ఎంత దూకినా నాలుగు బారలు వేస్తే గోడ దొరుకుతుంది, మెట్టు దొరుకుతుంది. చెరువులో అలసిపోయినప్పుడు పట్టుకోవడానికి ఏదీ ఉండదు. "నాకు ఈతొచ్చు" అన్న ధైర్యం బావి నేర్పింది, చెరువుకు అది చాలదు. దానికి తోడు వెనుకనుంచి దోస్తులు "దుంకరా, భయమా?" అంటారు. ఒంటరిగా వెళ్లినవాడు దిగని నీళ్లలోకి నలుగురితో వెళ్లినవాడు దిగుతాడు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్టు బిగించుకోండి. ఫొటో కోసం విప్పవద్దు. ఈతకు అనుమతి లేని చోట నీటికి దూరంగా ఉండండి.

ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకవద్దు. మునిగేవాడు కాపాడేవాడి మెడ పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు. కర్ర, తాడు, ముడివేసిన పంచెలు, మూత బిగించిన ఖాళీ డబ్బా ఏదో ఒకటి అందించండి. బయటకు తీశాక భుజం మీద వేసుకొని గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన వాళ్లకు అలవాటు. దానివల్ల విలువైన నిమిషాలు పోవడం తప్ప ప్రయోజనం లేదు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కు వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు ఊదాలి. తరువాత రొమ్ము మధ్య ఎముక మీద రెండు చేతులతో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కాలి. మళ్లీ రెండు ఊదులు. సాయం అందేదాకా ఆపకూడదు. తేరుకొని లేచి కూర్చున్నవాడికి దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి తప్పక తీసుకుపోవాలి.

జంపన్నవాగు సంగతి ఇంకొక రకం. జంపన్న సమ్మక్క కొడుకు. కాకతీయ సేనలతో పోరాడి ఓడి ఈ వాగులో పడి ప్రాణాలు విడిచాడని, అందుకే ఆ నీళ్లు ఎర్రబారాయని కథ. భక్తులు ముందు ఇక్కడ స్నానం చేసి గద్దెలకు వెళతారు. మాఘమాసంలో వాగు సాధువులా ఉంటుంది, పిల్లలు కూడా ఆడుకుంటారు. కాని 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 60 సెంటీమీటర్లకు పైగా వాన పడినప్పుడు ఇదే వాగు పొంగి కొండాయి గ్రామంలో పలువురి ప్రాణాలు తీసింది. వానాకాలంలో అడవి చూడాలని సరదాపడే మిత్రబృందాలు వాగు దాటే ముందు స్థానికులను అడగాలి. వాళ్లు వద్దంటే వెనక్కు తిరగాలి.

వాగులో మునగడం మొక్కు, ఆ నీళ్లు తాగడం మాత్రం మొక్కు కాదు. మా చిన్నప్పుడు పెద్దలు ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తాగేవారు. అద్దంలా తేటగా ఉండేవి. ఇప్పుడు ఆ ఇసుక మీదే లక్షల మంది వండుకుంటారు, కోళ్లు కోస్తారు, చీకట్లో మరుగుకూ పోతారు. చెలమ నీళ్లు ఇప్పటికీ తేటగానే కనిపిస్తాయి. చూపుకు సూక్ష్మక్రిములు ఆనవు. కాచిన నీళ్లో, సీలు వేసిన సీసాయో, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగిన నీళ్లో తాగండి. మధ్యాహ్నం మూడు రాళ్ల పొయ్యి మీద వండిన కోడికూర రాత్రికి దాచుకోవద్దు.

నీళ్ల విరేచనాలు పట్టుకుంటే మందుల దుకాణానికి పరుగెత్తే ముందు ఓఆర్‌ఎస్ పొట్లం విప్పండి. ఒక లీటరు మంచినీటిలో పూర్తి పొట్లం కలపాలి. గ్లాసుకు సగం పొట్లం అనే లెక్క తప్పు. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు సమ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఇది చిన్న వైద్యమని తీసిపారేయకండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి, సెలైను సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోసి బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. జాతరల్లో మేము పంచే పొట్లం ఆ శిబిరంలో రుజువైనదే.

రాత్రి ఇసుక మీద పడుకునేవాళ్లు దోమతెర తీసుకెళ్లి, అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. అది దోమలకే కాదు, కట్లపాముకూ అడ్డు. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి తెలియదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దముద్దగా రావడం మొదలవుతాయి. ఇక్కడ కూడా దోస్తులు "రాత్రిది ఇంకా దిగలేదు" అనుకుంటారు. రెప్పలు ఎత్తలేకపోతున్నాడంటే మద్యం అనుకోకుండా పాము విషమేమో అని అనుమానించాలి. కట్టు బిగించడం, గాటు కోయడం చేయకుండా విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

ఇక దోమల మాట. ఏటూరునాగారం ఏజెన్సీ మలేరియాకు పాత చిరునామా. కుట్టిన రోజున జ్వరం రాదు. వారం తరువాత, ఒక్కోసారి నెలకు, ఇంటికి చేరి జాతర మరిచిపోయాక చలితో మొదలవుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "మేడారం వెళ్లొచ్చాను" అని మీరే ముందు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. అడవిలో దొరికే ఒక రకం మలేరియా రెండు మూడు రోజుల్లో మెదడుకెక్కగలదు. పరీక్షలో తేలితే మిగతా ముగ్గురికీ అదే రోజు ఫోను చేయండి. వాళ్లు కూడా ఆ రాత్రి ఆ ఇసుక మీదే పడుకున్నారు.