7 పెద్దదా, 2 పెద్దదా?

పోస్ట్ కాస్త పొడుగు. పీహెచ్‌డీలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం ఆఖరిదాకా చదవండి.

మేం ముగ్గురం మ్యాథ్స్ స్కాలర్లం. మా ఊళ్లల్లో రీసెర్చ్ పేపర్ అనే మాట విన్న మొదటోళ్లం మేమే. మొన్న మాలో ఒకడికి మెయిల్ వచ్చింది. 'మా జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7. ఫీజు కడితే వారంలో మీ పేపర్ వేసేస్తాం' అని. నెలల తరబడి ఎదురుచూస్తే పడిన ఫెలోషిప్ డబ్బులు కట్టేయబోయాడు. వాణ్ణి తప్పుపట్టం. ఇలాంటివి చెప్పడానికి మన ఇళ్లల్లో ముందు చదివినోళ్లు ఎవరున్నారు?

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని చూశాం. వాడి సబ్జెక్టు ప్రాబబిలిటీ. అందులో అందరూ గౌరవించే జర్నల్ 'యానల్స్ ఆఫ్ ప్రాబబిలిటీ'. 1973లో మొదలైంది. అంతకుముందు ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ రెండూ ఒకే జర్నల్లో వచ్చేవి. ఇంత పేరున్న దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2 చుట్టుపక్కలే! మరి 7 ఉన్నది ఇంకా గొప్పదా?

లెక్క ఇదీ. ఒక జర్నల్ గత రెండేళ్లలో 200 పేపర్లు వేసిందనుకుందాం. ఈ ఏడాది వాటిని వేరేవాళ్లు తమ పేపర్లలో 400 సార్లు ప్రస్తావిస్తే, 400ని 200తో భాగిస్తాం. 2 వస్తుంది. అంతే. కానీ మ్యాథ్స్‌లో ఒక రుజువు అర్థం చేసుకుని, దానిమీద ఇంకోటి రాసి, అది అచ్చయ్యేసరికే రెండేళ్లు దాటిపోతాయి. అందుకే మన సబ్జెక్టులో ఈ అంకె చిన్నగా ఉంటుంది. పైగా కొందరు 7 అని ఊరికే రాసేసుకుంటారు, అడిగేవాడు లేక.

సి.ఆర్.రావు గారిని చూడండి. మన విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్లో ఒక పేపర్ వేశారు. స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాళ్లూ ఇప్పటికీ అందులోని ఫలితాలు నేర్చుకుంటారు. ఆ పేపర్ గొప్పతనం చెప్తూ ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ ప్రైజ్ ఇచ్చింది 2023లో, 102 ఏళ్ల వయసులో. రెండేళ్ల లెక్కలో ఇది ఎక్కడ పడుతుంది?

మావాడు డబ్బులు కట్టలేదు. గైడ్‌కి చూపించి, పేపర్ని అందరూ ఉచితంగా చదివే ఆర్కైవ్‌లో పెట్టి, సరైన జర్నల్‌కి పంపాడు. జవాబుకి ఏడాది పట్టొచ్చు. ఎదురుచూస్తున్నాం.

అలాంటి మెయిల్ మీకూ వస్తే, డబ్బు కట్టేముందు గ్రూపులో పెట్టండి. కలిసి చూద్దాం.