కడలికోత – ఊరిమాట

కాకినాడకు ఉత్తరమున సముద్రపుటొడ్డున ఉప్పాడ యను గ్రామము కలదు. జాందానీ చీరెల నేతకు అది పేరుగన్నది. మగ్గములతోపాటు జాలరుల నావలును ఆ యూరికి జీవనాధారములు. కాని ఏటేట కడలి ముందునకు వచ్చుచున్నది. ఒకనాడు ఇండ్లు నిలిచిన చోట నేడు కెరటము లాడుచున్నవి. తుఫాను వచ్చినప్పుడెల్ల కాకినాడకు పోవు తీరపు బాట కోతబడుచున్నది. 2010 ప్రాంతమున ఇసుక నింపిన గట్టి వస్త్రపు గొట్టములతో అచ్చట గట్టు కట్టిరి. కెరటముల తాకిడికి అదియు దెబ్బతిన్నది.

కడలికోతను అరికట్టుట ఏల యింత కష్టము? తీరము వెంట ఇసుక నిత్యము నడచుచుండును. తూర్పు తీరమున నైరృతి ఋతుపవన కాలమందు ఉత్తరమునకును, ఈశాన్య ఋతుపవన కాలమందు దక్షిణమునకును సాగును. మొత్తముమీద ఉత్తరమునకు పోవునదే ఎక్కువ. ఆ త్రోవకు అడ్డు కట్టినచో ఒక ప్రక్క ఇసుక మేటవేయును; రెండవ ప్రక్క నేల కోసికొనిపోవును. 1876లో మద్రాసు రేవు నిర్మాణ మారంభమైన పిమ్మట దక్షిణమున మెరీనా తీరము విశాలమైనది. ఉత్తరమున రాయపురము కోతబడినది. ఒక చోటికి మేలైన కట్టడము పొరుగుచోటికి ముప్పు కావచ్చును.

గట్టు తలపెట్టునపుడు ఇంజనీరు నీటిలోతును, కెరటముల ఎత్తును, ఇసుక నడకను కొలుచును. ఈ కొలతలు లేనిదే పని సాగదు. ఐనను నావను ఏ మాసమున ఏ చోట ఒడ్డునకు లాగుదురు? వలలు ఆరవేయుటకు, స్త్రీలు చేపలు ఎండబెట్టుటకు ఎంత ఇసుకనేల కావలెను? ఇవి చెప్పగలవాడు ఊరివాడే. వాని నడుగక బండలు పేర్చినచో ఇల్లు నిలుచునుగాని నావకు దారి మూసికొనిపోవును. ఇల్లుండియు కూడు లేనివాడు ఊరు విడుచును. అప్పుడా గట్టు ఎవ్వరిని కాచును?

ఊరివారికి అన్నియు తెలియుననుటయు సరికాదు. తన యింటి ముందు బండ పడిన చాలునని తలచువాడును ఉండును. కావున తీరము వెంటనున్న ఊళ్ళవారి నందరిని కూర్చుండబెట్టి, పటము చూపి, లాభనష్టములను వారి భాషలో వివరింపవలెను. గ్రామసభకు 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము స్థానము కల్పించినది. ఆ సభయే ఇందుకు తగిన వేదిక.

నెదర్లాండ్సు దేశమున 13వ శతాబ్దము నుండియు కట్టల రక్షణకు నీటి సంఘములు కలవు. వానికి నేటికిని ప్రజలు ప్రతినిధుల నెన్నుకొందురు, పన్ను చెల్లింతురు. తమ సొమ్ముతో, తమ మాటతో లేచిన కట్టను వారు తమదిగా చూచుకొందురు.

పని ముగిసిన పిదప ఊరివారిచే చేవ్రాలు చేయించుకొనుట సంప్రతింపు కాజాలదు. పటముపై గీత గీయకమునుపే వారి నడుగవలెను. కట్టిననాడు ఇంజనీరు దగ్గరనుండును. నడిరేయి బండ జారిననాడు దానిని మొదట చూచువాడు ఆ యూరి జాలరియే గదా!