కాటన్ దొర కన్నుమూసిన ఊరు

ఇంగ్లండ్‌లో సర్రీ ప్రాంతాన, లండన్‌కు దక్షిణంగా, బాక్స్ హిల్, లీత్ హిల్ కొండల నడుమ ఉంది డార్కింగ్. పూర్వం నుంచీ సంత సాగిన ఊరు. కాలికి ఐదు వేళ్లుండే ఒక కోడిజాతికి ఈ ఊరి పేరే పెట్టారు. ఊరు చిన్నదే అయినా, కరువు గురించి లోకం విన్న రెండు భిన్నమైన ఆలోచనలకు దీనితో చుట్టరికం ఉంది.

మొదటిది ఆర్థికవేత్త థామస్ మాల్థస్‌ది. ఆయన 1766లో డార్కింగ్ పక్కనున్న వెస్ట్‌కాట్‌లో పుట్టాడు. జనం గుణశ్రేణిలో పెరుగుతారనీ, తిండి అంకశ్రేణిలోనే పెరుగుతుందనీ, ఆ తేడాను చివరికి ఆకలి, రోగాలే సరిచేస్తాయనీ 1798లో రాశాడు. 1805 నుంచి చనిపోయేదాకా, అంటే 1834 వరకు, ఈస్టిండియా కంపెనీ కళాశాలలో పాఠం చెప్పాడు. భారతదేశంలో కొలువుకు బయలుదేరే కుర్రాళ్లే ఆయన శిష్యులు. తర్వాతి కాలంలో కరువు పనులకు డబ్బు విదల్చడానికి మనసొప్పని పాలకులకు ఆయన సిద్ధాంతం బాగా అక్కరకొచ్చింది.

రెండో ఆలోచన ఇంజినీరు సర్ ఆర్థర్ కాటన్‌ది. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు, 1839లో గోదావరి తీరాన్ని ముంచిన ఉప్పెన జనం మరవలేనివి. పక్కనే నిండు గోదావరి సముద్రంలో కలిసిపోతుంటే ఊళ్లకు ఊళ్లు తిండిలేక ఖాళీ కావడం కాటన్‌ను కుదిపేసింది. ధవళేశ్వరం దగ్గర నది లంకల మధ్య పాయలుగా చీలుతుంది. ఆ లంకలనే ఊతంగా తీసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టించాడు. 1847లో మొదలైన పని 1852లో ముగిసింది. డెల్టా కాలువల్లో నీళ్లు పారాయి, పొలాలు వరిచేలయ్యాయి. మనుషుల సంఖ్యను నిందించే ముందు నీళ్లెక్కడ పోతున్నాయో చూడాలన్న ఆయన పట్టుదలకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఆయనకు 1861లో సర్ బిరుదు వచ్చింది. కొలువు విరమించాక డార్కింగ్‌లో స్థిరపడ్డా వాదన మానలేదు. రైళ్ల మీద పోసే డబ్బు కాలువల మీద పెట్టమని పోరుతూనే ఉన్నాడు. 1878లో పార్లమెంటు కమిటీ ఆయన్ను పిలిచి గుచ్చిగుచ్చి ప్రశ్నించింది. ముసలితనంలో ఇంటి దగ్గరి నేలను లోతుగా తవ్వించి, గోధుమ దిగుబడి ఎంత పెంచవచ్చో పరీక్షలు చేశాడు. 1899 జులై 24న అక్కడే కన్నుమూశాడు. ఆయన సమాధి డార్కింగ్ శ్మశానంలో ఉంది. గోదావరి జిల్లాల్లో మాత్రం ఆయన విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. గోదావరి స్నాన పుణ్యం దక్కించిన భగీరథుడని ఆయన్ను తలుచుకునే సంస్కృత శ్లోకం కూడా ఉంది.

లేడీ హోప్‌గా పేరుపడ్డ కాటన్ కూతురు ఎలిజబెత్, కూలీలు సారాయి దుకాణాల పాలు కాకూడదని డార్కింగ్‌లో కాఫీ గది తెరిచింది. తండ్రి జీవితచరిత్ర కూడా రాసింది. అది 1900లో వెలువడింది.

ఈ ఊరితో ముడిపడ్డ పేర్లు ఇంకా ఉన్నాయి. నవలాకారుడు జార్జ్ మెరెడిత్ బాక్స్ హిల్ వాలున నలభై ఏళ్లపాటు కాపురముండి, 1909లో కాటన్ ఉన్న శ్మశానానికే చేరాడు. నటుడు లారెన్స్ ఒలివియర్ 1907లో ఇక్కడ పుట్టాడు. అతని పేరు పెరిగింది మాత్రం లండన్ రంగస్థలం మీద.

సంగీతకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ సంగతి వేరు. డార్విన్ మేనకోడలి కొడుకైన ఈయన లీత్ హిల్ ఇంట్లో పెరిగాడు. 1905లో మొదలైన లీత్ హిల్ సంగీతోత్సవంలో చుట్టుపక్కల పల్లెల బృందగాయకుల చేత బాఖ్ రచనల వంటి పెద్ద కృతులు పాడించాడు. వాళ్లు వృత్తి గాయకులు కారు. ఎనభై దాటేదాకా, 1953 వరకు, ఆయనే నిర్వహించాడు. ఆ ఉత్సవం కోసమే 1931లో కట్టిన డార్కింగ్ హాల్స్‌లో ఇప్పటికీ అది జరుగుతోంది.