మేరీ రోజ్ ఓడలోని విల్లులు

ఇంగ్లండు దక్షిణ తీరాన పోర్ట్స్‌మౌత్ రేవులో మేరీ రోజ్ అనే పాత యుద్ధనౌకను చూడవచ్చును. 1545లో మునిగిన ఆ ఓడను 1982లో పైకి తీశారు. అందులో నూరుకు పైగా యూ కర్ర విల్లులు దొరికాయి. అవి మనిషికంటె పొడవు.

విల్లంతా ఒకటే కర్ర. విలుకాని వైపున్న చేవ ఒత్తిడికి ఓర్చుకొంటుంది. వెలుపలి తెల్లకర్ర సాగుతుంది. చాలావాటిని లాగడానికి 45 కిలోలకు మించిన బలం కావాలి.

ఆ బలం ఎలా వచ్చేది? ప్రొటెస్టెంటు బోధకుడు హ్యూ లాటిమర్ 1549లో ఆరవ ఎడ్వర్డు రాజు ఎదుట ప్రసంగిస్తూ తన బాల్యం చెప్పాడు. రైతయిన తండ్రి ఆయన వయసుకు, సత్తువకు తగ్గ విల్లు కొనిచ్చి, చేతుల బలంతో కాక దేహమంతటి బలంతో లాగడం నేర్పాడట. పిల్లవాడు ఎదిగేకొద్దీ విల్లూ పెద్దదయ్యేది.

తల్లిదండ్రులారా, మోయలేని విల్లును ఆ తండ్రి ఏనాడూ బిడ్డకివ్వలేదు, అసలివ్వక మానలేదు.