అత్తయ్య నూనె, లండన్ ఎలుకలు

మా బుజ్జిగాడికి అప్పుడు పదకొండో నెల. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా ఇంటి కిందే బేకరీ. మా ఆయన వేడివేడి జాతర్ రొట్టె తెచ్చారు. చిన్న ముక్క తుంచి వాడి నోట్లో పెట్టాను. పది నిమిషాల్లో పెదవులు ఉబ్బాయి, మెడంతా దద్దుర్లు, ఆపైన ఆగకుండా వాంతులు. ఎమర్జెన్సీలో అడ్రినలిన్ సూది పడ్డాక గానీ తేరుకోలేదు. పరీక్షల్లో తేలింది నువ్వులని.

నువ్వులు! చిమ్మిలి, సంక్రాంతి అరిసెలు, నువ్వుల పొడి వేసిన వంకాయ కూర మధ్య పెరిగినదాన్ని నేను. ఇక దోహాలో వాటిని తప్పించుకోవడం ఎంత కష్టమో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. హమ్మస్‌లో తహీనా, హల్వాలో తహీనా, బన్ను మీద గింజలు.

నన్ను పట్టి పీడించిన ప్రశ్న వేరే. వాడు అంతకుముందు నువ్వు గింజ తినలేదు. బీఎస్సీ జువాలజీలో చదువుకున్నదేమిటి? ఒంటికి ముందొకసారి పరిచయమైతేనే ఐజీఈ యాంటీబాడీలు తయారవుతాయి, ఆ తర్వాతే అలర్జీ. షార్ల్ రిషే 1902లో కుక్కల మీద చూపించింది అదే. సముద్రజీవి విషం మొదటి మోతాదును తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత అదే విషం మళ్ళీ ఇస్తే అరగంట లోపే చచ్చిపోయింది. దానికే 1913లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. మరి మావాడికి ఆ మొదటి పరిచయం ఎక్కడ జరిగింది?

వాడు పడుకున్నాక రాత్రిళ్ళు చదవడం మొదలుపెట్టాను. 2005లో లండన్ పరిశోధకులు ఎలుకల చర్మం పైపొర తీసి, అక్కడ వేరుశనగ ప్రొటీను పూశారు. మామూలుగా ఎలుకకి వేరుశనగ తినిపిస్తే ఒళ్ళు దాన్ని తిండిగానే ఒప్పుకుంటుంది. చర్మం ద్వారా ముందు పరిచయమైన ఎలుకలు మాత్రం తర్వాత తినిపించినా ఒప్పుకోలేదు, అలర్జీ వైపు తిరిగాయి. అంతకు రెండేళ్ళ ముందు గిడియన్ లాక్ బృందం కూడా, వేరుశనగ నూనె ఉన్న క్రీములు రాసిన పసిపిల్లల్లో ఆ అలర్జీ ఎక్కువగా కనిపించిందని రాసింది.

చదువుతుంటే నా కళ్ళ ముందు అత్తయ్య కనిపించారు. పురుడుకి చీరాల నుంచి వచ్చి మూడు నెలలున్నారు. గానుగ నువ్వుల నూనె సీసాలు వెంట తెచ్చి రోజూ వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని మర్దనా చేశారు. వాడి బుగ్గలూ మోచేతులూ పగిలి ఎర్రగా ఉండేవి. అది ఎగ్జిమా అని డాక్టరు తర్వాత చెప్పారు. గానుగ నూనెలో గింజ ప్రొటీను కొంత మిగిలే ఉంటుంది. దొరికింది దొంగ అనుకున్నాను. ఆ రాత్రి నాకు కలిగింది సంతోషమే, దాచుకోవడం దేనికి?

కానీ చదివే అలవాటు ఉన్నవాళ్ళకి అక్కడితో ఆగడం కుదరదు. ఆ ఎలుకలన్నీ దాదాపు కవలల్లాంటి ఒకే జాతివి. వాటి చర్మాన్ని కావాలని చెక్కారు, పూసింది వేరుశనగ. ఎలుకలకి తమంతట తాముగా వేరుశనగ అలర్జీ సాధారణంగా రాదు. 2000లో అమెరికాలో నోటి ద్వారా తెప్పించాలనుకున్నప్పుడు కలరా టాక్సిన్ కలిపి పట్టాల్సి వచ్చింది. పైగా ఎలుక వాంతి చేసుకోలేదు, దాని ఒంటి నిర్మాణమే అంత. మావాడికి ప్రాణం మీదకొచ్చిన లక్షణం దానిలో కనిపించనే కనిపించదు. గోక్కోవడం, ఒంటి వేడి పడిపోవడం చూసి లెక్క కడతారు. ఎలుక చెప్పేది ఇలా జరగవచ్చు అని. మా ఇంట్లో ఏం జరిగిందో దానికేం తెలుసు?

ఇంకో సంగతి. నేనూ అదే వంటింట్లో నువ్వుల పొడి కొట్టి, అదే చేత్తో వాణ్ణి ఎత్తుకునేదాన్ని.

అలాగని ఆ ఎలుకల్ని తీసిపారేయలేను. నోటి దారి మంచిదనే మాట జంతువుల్లో 1911 నుంచే ఉంది, గినీపందులకి ముందు తినిపించిన ప్రొటీనుకి తర్వాత ఆ ప్రతిచర్య రాలేదు. పిల్లల్లో అది 2015లో తేలింది. లాక్ బృందం అలర్జీ ముప్పున్న 640 మంది పసివాళ్ళని తీసుకుని కొందరికి చిన్నప్పటి నుంచీ వేరుశనగ పెట్టించింది, కొందరికి మాన్పించింది. అయిదేళ్ళకి మానేసినవాళ్ళలో నూటికి పదిహేడు మందికి అలర్జీ, తిన్నవాళ్ళలో ముగ్గురికి. (ఇప్పటికే అలర్జీ ఉన్న పిల్లలకి ఇంట్లో ఈ ప్రయోగం చేయకండమ్మా, ప్రాణాలు పోతాయి.)

మా ఆడపడుచుకి వచ్చే నెల పురుడు. అందుకే ఫోన్ చేశాను. పాప చర్మం పొడిబారి పగిలితే గానుగ నూనె రాయొద్దు, ముందు డాక్టరుకి చూపించండి అని, ఎందుకో కూడా చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

"అంటే మన బుజ్జిగాడికి నా వల్లేనా అమ్మా?"

"తెలీదత్తయ్యా. ఎలుకల్లో అలా అవుతుంది. వీడికి ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నా చేతుల నుంచైనా అయ్యుండొచ్చు."

"ఆ ఎలుకల్ని తర్వాత ఏం చేస్తారు?"

బీఎస్సీలో కప్పల్ని కోసిన చేతులు నావి. "చంపేస్తారత్తయ్యా. లోపల ఏమైందో చూడాలిగా."

"అయ్యో," అన్నారు. కాసేపాగి, "అయితే పిల్లకి కొబ్బరి నూనె రాయొచ్చా?" అని అడిగారు.

డాక్టర్ని అడిగి చెప్తానన్నాను.