చీమలు చెప్పిన నిజం

గాజువాకలో నేను తెలుగు అధ్యాపకుడిగా పనిచేస్తున్న రోజులవి. మా పక్కవాటాలో ఒక యువజంట ఉండేది. అతడు విశాఖ ఓడరేవులో క్రేను నడిపేవాడు. 2012లో వారికి తొలి సంతానంగా ఆడపిల్ల పుట్టింది.

పాపకు రెండో నెల నిండకముందే, ఒకనాటి ఉదయం ఆ తల్లి నా దగ్గరకు వచ్చింది. “మాస్టారూ, ఎన్ని పాలు తాగినా పాప ఒళ్లు చేయడం లేదు. పొత్తిగుడ్డలకు చీమలు కూడా పడుతున్నాయి” అంది. పాల వాసనకు చీమలు రావడం సహజమేనని చెప్పి పంపేశాను.

నాలుగు రోజులు గడవకముందే పాప ఎగఊపిరితో సొమ్మసిల్లింది. దగ్గరలోని ఒక ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు. పరిస్థితి విషమించడంతో కింగ్ జార్జి ఆసుపత్రికి తీసుకువెళ్లాం. అక్కడి పిల్లల వైద్యురాలు రక్తంలో చక్కెరను పరీక్షించి, “ఇది మధుమేహం” అన్నారు.

ఆ మాట నన్ను నిలువునా కదిలించింది. మధువంటే తేనె, మేహమంటే మూత్రమని ఏటా తరగతిలో చెప్పేవాణ్ణి. రోగి మూత్రానికి చీమలు చేరడాన్ని మన ప్రాచీన వైద్యులు గుర్తించారని కూడా వివరించేవాణ్ణి. పదం తెలిసిన నాకు పదార్థం కంటపడలేదు. పదో తరగతితో చదువు ఆపిన ఆ తల్లికి కనబడింది.

ఇన్సులిన్‌తో పాప ప్రాణం నిలిచింది. ఆరు నెలల లోపు కనిపించే మధుమేహానికి సాధారణంగా ఏదో ఒక జన్యువులోని లోపమే కారణమనీ, లక్షమంది శిశువుల్లో సుమారు ఒకరికి ఇలా జరుగుతుందనీ వైద్యురాలు చెప్పారు. రక్త నమూనాను చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు పంపారు. ఫలితం వచ్చేవరకూ ఆ చిన్నారి తొడమీద రోజూ సూదిపోట్లే.

లోపం కెసిఎన్‌జె11 అనే జన్యువులో ఉందని తేలింది. క్లోమంలోని బీటా కణాలకు పొటాషియం వెలుపలికి పోయే సూక్ష్మద్వారాలుంటాయి. చక్కెర పెరిగినప్పుడు అవి మూసుకోవాలి. అదే ఇన్సులిన్ విడుదలకు సంకేతం. పాపలో అవి మూసుకోవడం లేదు. ఈ సంగతి విని తండ్రి, “అంటే గోదాములో సరుకుంది డాక్టరమ్మా, ఎత్తమనే సైగే అందట్లేదు!” అన్నాడు.

ఈ జన్యుకారణాన్ని 2004లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌కు చెందిన ఆండ్రూ హాటర్స్లీ బృందం వెల్లడించింది. పెద్దల మధుమేహానికి చిరకాలంగా వాడుతున్న గ్లైబెన్‌క్లమైడ్ మాత్ర ఆ ద్వారాలను మూయగలదు. 2006లో వెలువడిన అధ్యయనంలో ఈ లోపమున్న 49 మందిలో 44 మంది ఇన్సులిన్ మాని ఈ తరహా మాత్రలతోనే ఆరోగ్యంగా ఉన్నారు. అన్ని రకాల లోపాలకూ ఇది పనిచేయదు. ఎవరికి పనిచేస్తుందో తేల్చేది జన్యు పరీక్షే.

వైద్యుల పర్యవేక్షణలో మాత్రను పొడిచేసి నీళ్లలో కలిపి పట్టారు. క్రమంగా సూది ఆగింది. ఆ పాప ఇప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుతోంది.

ఆ తరువాత మధుమేహమనే పదానికి అర్థం చెప్పిన ప్రతిసారీ ఆ ఉదయాన్ని కూడా పిల్లలకు చెప్పేవాణ్ణి. బిడ్డను గురించి తల్లి చెప్పిన మాటను తేలికగా కొట్టివేయరాదని ఆ పొత్తిగుడ్డలే నాకు నేర్పాయి.